పడమట పొద్దు పొడిచే లోకం
శుక్రగ్రహం ఎదురు తిరగడానికి కారణమేమి?

జరగని పనిని గురించి చెప్పవలసి వచ్చినప్పుడు "పొద్దు పడమట పొడిచినప్పుడు చూద్దాంలే" అనడం తెలుగువారికి అలవాటు. భూమి వరకు ఆ మాట చెల్లుతుంది. శుక్రగ్రహం మీద మాత్రం చెల్లదు. అక్కడ పొద్దు పొడిచేదే పడమట, కుంకేది తూర్పున. ఆ గ్రహం కంటికి ఆనని దూరంలో ఉన్నది కూడా కాదు. పల్లెల్లో తెల్లవారుజామున రైతును నిద్రలేపే వేగుచుక్క అదే. కొన్ని నెలలపాటు సాయంవేళ కోవెంట్రీ పాత కెథీడ్రల్ శిఖరానికి పడమరగా, వీధిదీపాల కంటె ముందు వెలిగే చుక్క కూడా అదే.

పరిమాణంలోను, బరువులోను భూమికి కవలవంటి ఈ గ్రహం తన చుట్టూ తాను తిరగడంలో మాత్రం ఇరుగుపొరుగులకు ఎదురెందుకు నడుస్తోంది? ఈ ప్రశ్నకు జవాబు వెతకడంలో శాస్త్రజ్ఞులు గ్రహాల ఢీకొట్టుళ్ళ నుంచి బయలుదేరి, చివరకు గాలి దగ్గరకు, నీటి దగ్గరకు వచ్చి చేరారు.

వక్రగతి వేరు, ఎదురు భ్రమణం వేరు

ముందుగా ఒక సందేహం తీర్చుకోవాలి. పంచాంగంలో "శుక్రుడు వక్రించెను" అని కనబడుతుంది. అది ఆకాశంలో నక్షత్రాల నడుమ గ్రహం కొన్నాళ్ళు వెనుకకు నడిచినట్లు తోచడం. రెండు రైళ్ళు ఒకే దిశలో పోతున్నప్పుడు, వేగంగా పోయే రైలులోని వారికి రెండవ రైలు వెనుకకు పోతున్నట్లు కనిపించదా? ఇదీ అటువంటిదే. భూమి, శుక్రుడు వేర్వేరు వేగాలతో సూర్యుని చుట్టూ తిరగడం వల్ల పుట్టే దృష్టిభ్రమ అది. కుజుడు, గురుడు, శని కూడా ఆ విధంగా వక్రిస్తారు.

ఇక్కడ చెప్పుకొంటున్నది భ్రమ కాదు. గ్రహానికి రెండు చలనాలున్నాయి. సూర్యుని చుట్టూ తిరగడం పరిభ్రమణం. గుడిలో గర్భాలయం చుట్టూ చేసే ప్రదక్షిణ వంటిది. తన అక్షం మీద తాను తిరగడం భ్రమణం, ఆత్మప్రదక్షిణ వంటిది. సౌరకుటుంబాన్ని ఉత్తరం వైపున, పై నుంచి చూడగలిగితే ఎనిమిది గ్రహాలూ గడియారపు ముల్లుకు వ్యతిరేకదిశలో సూర్యుని చుట్టూ తిరుగుతూ కనిపిస్తాయి. సూర్యుడు కూడా అదే దిశలో తన చుట్టూ తాను తిరుగుతాడు. భూమి, బుధుడు, కుజుడు, గురుడు, శని, నెప్ట్యూన్‌ల ఆత్మప్రదక్షిణ కూడా ఆ దిశలోనే. యురేనస్ అక్షం దాదాపు 98 డిగ్రీలు ఒరిగిపోయి, పక్కకు పడుకొని దొర్లుతున్నట్లుంటుంది. శుక్రుడొక్కడే నిటారుగా నిలబడి, గడియారపు ముల్లు తిరిగే వైపు తిరుగుతాడు. దీనినే తిరోగమన భ్రమణం అంటారు.

ఈ ఏకదిశకు కారణం గ్రహాల పుట్టుకలో ఉంది. సుమారు 460 కోట్ల సంవత్సరాల కిందట వాయువు, ధూళి కలిసిన ఒక పెద్ద మేఘం తనలోనికి తాను కుంచించుకుపోయి, చుట్టూ తిరిగే పళ్ళెంలా పరచుకొంది. నడుమ సూర్యుడు, చుట్టూ గ్రహాలు ఏర్పడ్డాయి. ఆ పళ్ళెం తిరిగిన దిశనే దానిలో పుట్టిన గోళాలు వారసత్వంగా పొందాయి. అందువల్లనే శుక్రుని ఎదురు తిరుగుడుకు ప్రత్యేకంగా కారణం చెప్పవలసి వచ్చింది.

మబ్బుల తెర వెనుక

1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా నల్లని చుక్కలా దాటిపోయాడు. ఆనాడు ఆ దృశ్యాన్ని శాస్త్రీయంగా పరిశీలించినవారిలో విశాఖపట్నానికి చెందిన అంకితం వెంకట నరసింగరావు ఒకరు. ఆయన మామగారు గోడే వెంకట జగ్గారావు మద్రాసు వేధశాలలో ఖగోళవిద్య అభ్యసించి, 1840 ప్రాంతంలో విశాఖపట్నం డాబా గార్డెన్స్‌లోని తన స్వంత స్థలంలో వేధశాల నెలకొల్పారు. 1856లో ఆయన మరణించిన తరువాత నరసింగరావు దానిని నడిపారు. ఆయన పరిశీలనలు లండన్‌లోని రాయల్ ఆస్ట్రొనామికల్ సొసైటీ పత్రికలో అచ్చయినాయి.

ఆనాటి పరిశీలకులకు కావలసినది సూర్యుని దూరం. శుక్రబింబం సూర్యుని అంచును తాకిన క్షణాన్ని భూమి మీద వేర్వేరు చోట్ల సరిగా గుర్తిస్తే దానిని లెక్కకట్టవచ్చు. శుక్రుని భ్రమణాన్ని తెలుసుకోవడం మాత్రం విశాఖలోనే కాదు, ప్రపంచంలో ఏ దుర్భిణికీ ఆనాడు సాధ్యం కాలేదు. కారణం, శుక్రుని నేల ఎన్నడూ కనిపించదు. దట్టమైన తెల్లని మబ్బులు గ్రహమంతా కప్పి ఉంటాయి. ఆ మబ్బులలోని లీలామాత్రపు మచ్చలను చూసి 17వ శతాబ్దంలో కసీని సుమారు 23 గంటలన్నాడు. 18వ శతాబ్దంలో బియాంకీని 24 రోజులన్నాడు. 1890లో స్కియాపరెల్లి 225 రోజులన్నాడు. ముగ్గురూ పేరుమోసిన పరిశీలకులే. ముగ్గురి లెక్కలూ తప్పినాయి.

ఆ తెరను ఛేదించినది రేడియో తరంగం. 1962లో కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్ కేంద్రం నుంచి రిచర్డ్ గోల్డ్‌స్టీన్, రోలండ్ కార్పెంటర్ శుక్రుని మీదకు రాడార్ తరంగాలు పంపి, తిరిగివచ్చిన ప్రతిధ్వనులను పరిశీలించారు. తిరిగే గోళంలో ఒక అంచు మన వైపు వస్తుంటుంది, రెండవ అంచు వెనుకకు పోతుంటుంది. దూసుకువచ్చే రైలు కూత హెచ్చుగాను, వెళ్ళిపోయే రైలు కూత తగ్గుగాను వినిపించినట్లే, ఆ రెండు అంచుల ప్రతిధ్వనులలో తేడా వస్తుంది. ఆ తేడా స్వల్పంగా ఉండడంతో గ్రహం చాలా నెమ్మదిగా తిరుగుతోందని తేలింది. నేల మీది ఒక ప్రకాశవంతమైన ప్రదేశం ప్రతిధ్వనిలో జరిగిన తీరును బట్టి అది తిరుగుతున్నది వెనుకకు అని తేలింది. చిత్రమేమంటే, ఆ పరిశీలనలు శుక్రుడు భూమికి అతి సమీపంగా, సూర్యునికి మనకు మధ్యగా వచ్చిన కాలంలో జరిగాయి. పంచాంగం ప్రకారం అది శుక్రమూఢమి. పెళ్ళిళ్ళకు పనికిరాని ఆ రోజులే శుక్రుని గుట్టు తెలుసుకోవడానికి అత్యుత్తమ ముహూర్తమయ్యాయి.

సైకిలు మీద సూర్యుని ఆపవచ్చు

నక్షత్రాలను బట్టి చూస్తే శుక్రుడు ఒక ఆత్మప్రదక్షిణకు 243 రోజులు తీసుకొంటాడు. సూర్యుని చుట్టూ తిరగడానికి పట్టేది 224.7 రోజులే. అంటే అక్కడ ఒక సంవత్సరం కంటె ఒక భ్రమణమే పెద్దది. అయితే ఒక సూర్యోదయం నుంచి మరొక సూర్యోదయానికి పట్టే కాలం మాత్రం దాదాపు 117 రోజులు. డిసెంబరులో కోవెంట్రీ పగలు ఎనిమిది గంటలైనా నిండదని బాధపడేవారు అక్కడ 58 రోజుల పగలును, 58 రోజుల రాత్రిని భరించవలసి ఉంటుంది.

భూమధ్యరేఖ వద్ద భూమి గంటకు సుమారు 1,670 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. విశాఖపట్నం అక్షాంశం వద్ద అది 1,590, కోవెంట్రీ అక్షాంశం వద్ద 1,020 కిలోమీటర్లు. శుక్రుని మధ్యరేఖ వద్ద ఆ వేగం గంటకు ఆరున్నర కిలోమీటర్లు. చురుకుగా నడిచే మనిషి వేగం అది. నేటి సైకిలుకు మూలరూపమైన రోవర్ సైకిలును జాన్ కెంప్ స్టార్లీ 1885లో తయారు చేసినది కోవెంట్రీలోనే. అటువంటి సైకిలెక్కి శుక్రుని మధ్యరేఖ వెంట గంటకు పద్నాలుగు కిలోమీటర్ల వేగంతో తూర్పుకు పోతూ ఉంటే చాలు, సూర్యుడు ఆకాశంలో ఉన్నచోటనే నిలబడి ఉంటాడు. అక్కడి 464 డిగ్రీల వేడిని, భూమి మీద కంటె 92 రెట్లున్న గాలి ఒత్తిడిని తట్టుకోగలిగిన మనిషిగాని, సైకిలుగాని లేవన్నది వేరే విషయం.

పిల్లలతో ఇంట్లో చేసి చూడదగిన ప్రయోగం

గది నడుమ ఒక స్టూలు మీద దీపం పెట్టండి. అది సూర్యుడు. దాని చుట్టూ, గడియారపు ముల్లుకు వ్యతిరేకదిశలో, పాపనో బాబునో నడవమనండి.

మొదటిసారి ముఖం ఎప్పుడూ దీపం వైపే ఉంచి నడవాలి. ఒక చుట్టు పూర్తయ్యేసరికి గది గోడలన్నీ ఒకసారి ముఖానికి ఎదురుపడతాయి. అంటే ఒక ప్రదక్షిణలో ఒక ఆత్మప్రదక్షిణ జరిగింది. కాని దీపం కదలలేదు. ఉదయం లేదు, అస్తమయం లేదు.

రెండవసారి ముఖం ఎప్పుడూ ఒకే గోడ వైపు ఉంచి, అవసరమైన చోట పక్కకు, వెనుకకు అడుగులు వేస్తూ చుట్టు తిరగాలి. ఈసారి ఆత్మప్రదక్షిణ ఏమీ జరగలేదు. అయినా దీపం ఒకసారి ముందుకు, ఒకసారి పక్కకు, ఒకసారి వీపు వెనుకకు వచ్చింది. ఆ "సూర్యుడు" భూమి మీద కనిపించే దిశకు ఎదురుదిశలో తిరిగాడు. అంటే పడమట పొద్దు పొడవడానికి గ్రహం వెనుకకు తిరగవలసిన పని కూడా లేదన్నమాట. తన సంవత్సరం కంటె నెమ్మదిగా తిరిగితే చాలు.

మూడవసారి, నడుస్తూనే శరీరాన్ని గడియారపు ముల్లు దిశలో అతి నెమ్మదిగా, ఒక చుట్టులో ఒక భ్రమణం కంటె కాస్త తక్కువగా తిప్పాలి. దీపం దాదాపు రెండుసార్లు ముఖం ముందుకు వస్తుంది. అదే శుక్రుడు.

ఈ ప్రయోగం ఒక ముఖ్యమైన సంగతి చెబుతుంది. సూర్యునికే ముఖమప్పగించి నిలిచిన గ్రహానికి, శుక్రునికి మధ్య తేడా సంవత్సరానికి రెండు భ్రమణాల కంటె తక్కువ. దూరం నుంచి చూసేవారికి "ఎదురు తిరుగుడు" పెద్ద తిరుగుబాటుగా తోస్తుంది. లెక్కలో అది నిశ్చలస్థితిని దాటి వేసిన చిన్న అడుగు మాత్రమే.

మొదటి సమాధానం: ఢీకొట్టడం

గ్రహాలు పుట్టిన తొలి రోజులలో పెద్ద పెద్ద శకలాలు ఒకదానినొకటి ఢీకొన్నాయి. భూమిని కుజుని అంతటి గోళం ఒకటి ఢీకొనగా ఎగిరిపడిన పదార్థం నుంచి చంద్రుడు ఏర్పడ్డాడని నేడు ఎక్కువమంది అంగీకరిస్తున్నారు. యురేనస్ ఒరిగిపోవడానికి కూడా అటువంటి దెబ్బే కారణమని ప్రబలమైన అభిప్రాయం. అదే విధంగా శుక్రునికి ఎదురుదిశలో ఒక దెబ్బ తగిలి ఉంటే?

ఈ వాదం సులభంగా అర్థమవుతుంది, అసంభవమూ కాదు. దీని బలహీనత వేరే చోట ఉంది. దెబ్బ తరువాత గ్రహం ఎంత వేగంతోనైనా తిరగవచ్చు: పది గంటలకో, ముప్పై గంటలకో, ముందుకో, వెనుకకో. సరిగ్గా నిశ్చలస్థితికి అంత దగ్గరగా ఎందుకు ఆగాలి? దెబ్బ దిశను చెప్పగలదు కాని, ఈ నెమ్మదితనాన్ని చెప్పలేదు.

రెండవ సమాధానం: గాలి

నెమ్మదింపజేసే శక్తి ఒకటి అందరికీ తెలిసినదే. సముద్రపు పోటు. చంద్రుని ఆకర్షణ వల్ల భూమి మీద నీరు ఉబ్బుతుంది. ఆ ఉబ్బు ఒక కళ్ళెంలా పనిచేసి భూమి వేగాన్ని తగ్గిస్తుంది. భూమి దినం శతాబ్దానికి సెకనులో వెయ్యింట సుమారు రెండు వంతుల చొప్పున పొడవవుతోంది. నీరు లేని చోట గట్టి నేల కూడా అతి స్వల్పంగా ఉబ్బుతుంది. శుక్రుని మీద సూర్యుని పోటుశక్తి భూమి మీద కంటె రెండున్నర రెట్లకు పైగా ఉంటుంది. ఈ కళ్ళెం ఒక్కటే ఉంటే శుక్రుడు చివరకు సూర్యుని వైపే ముఖం పెట్టి, ప్రయోగంలోని మొదటి పాపలా నిలిచిపోవాలి. అలా నిలవలేదు. దేనివల్ల?

ఇందుకు ఆధారం ఉష్ణమండలంలోని ప్రతి బారోమీటరులోను ఉంది. ఆంధ్రతీరం వంటి చోట తుఫానులు లేని రోజున బారోమీటరును గమనిస్తే, గాలి ఒత్తిడి ఉదయం పది గంటలకు, రాత్రి పది గంటలకు హెచ్చుతుంది. మధ్యాహ్నం నాలుగింటికి, తెల్లవారుజామున నాలుగింటికి తగ్గుతుంది. ఇది సూర్యుని వేడి వల్ల గాలిలో లేచే పోటు. గాలి బరువు ఎక్కువగా ఉన్న "ఉదయం పది" ప్రదేశానికి సూర్యుడు ఇంకా నడినెత్తికి రాలేదు. సూర్యుడు ఆ బరువును తన వైపు లాగినప్పుడు భూమి తాను తిరిగే దిశలోనే కాస్త ముందుకు నెట్టబడుతుంది. నీటిపోటు కళ్ళెమైతే గాలిపోటు చెర్నకోల వంటిది. ఈ సంగతిని 1882లోనే, తరువాతి కాలంలో లార్డ్ కెల్విన్‌గా ప్రసిద్ధుడైన విలియం థామ్సన్ గుర్తించాడు. భూమి మీద గాలి పలుచన. నీటిపోటు ముందు దాని బలం లెక్కకు రాదు.

శుక్రుని మీద పరిస్థితి వేరు. అక్కడి గాలి భూమి గాలి కంటె సుమారు 90 రెట్లు బరువైనది. 1969లో థామస్ గోల్డ్, స్టీవెన్ సోటర్ ఈ వాదాన్ని శుక్రునికి వర్తింపజేశారు. నేలలోని పోటు గ్రహాన్ని సూర్యుని వైపు నిలపాలని చూస్తుంది. గాలిలోని పోటు ఆ నిలకడ నుంచి దూరంగా నెడుతుంది. గ్రహం సంవత్సరం కంటె వేగంగా తిరుగుతుంటే మరింత వేగంగాను, నెమ్మదిగా తిరుగుతుంటే మరింత నెమ్మదిగాను, నిశ్చలాన్ని దాటించి వెనుకకు కూడా నెట్టగలదు. ఈ రెండు శక్తులూ సరితూగిన చోట గ్రహం కుదురుకొంటుంది. శుక్రుని 117 రోజుల దినం అటువంటి రాజీ అని ఈ సిద్ధాంతం చెబుతుంది. గ్రహం బరువులో పదివేలవ వంతైనా నిండుగా లేని గాలి ఆ గ్రహాన్ని తిప్పుతున్నదంటే ఆశ్చర్యమే. కాని రోజూ కొద్దికొద్దిగా, కోట్ల సంవత్సరాలు నెట్టే చేతికి పెద్ద బలం అక్కరలేదు.

2001లో అలెక్సాండర్ కొరేయా, జాక్ లస్కర్ ఈ లెక్కను విస్తరించి, శుక్రుడు ఏ వేగంతో మొదలైనా చివరకు నాలుగు స్థితులలో ఒకదానికి చేరుతాడని చూపారు. నేటి ఎదురు భ్రమణానికి రెండు దారులున్నాయి. ఒకటి, అక్షమే క్రమంగా తలకిందులు కావడం. రెండవది, అక్షం నిలువుగానే ఉండి, వేగం తగ్గి, ఆగి, వెనుకకు మళ్ళడం. గమ్యం ఒక్కటే కావడం వల్ల గమ్యాన్ని చూసి దారిని చెప్పడం కష్టం. గాలికి, నేలకు మధ్య ఈ పెనుగులాట నేటికీ సాగుతున్నదనడానికి మాత్రం సాక్ష్యముంది. 2006 నుంచి 2020 వరకు సాగిన రాడార్ కొలతలను 2021లో ప్రకటించిన జాన్‌-లుక్ మార్గో బృందం, శుక్రుని భ్రమణకాలం సగటున 243.0226 రోజులని, అందులో 20 నిమిషాల వరకు హెచ్చుతగ్గులు వస్తున్నాయని చూపింది. మబ్బుల ఎత్తున గాలి నాలుగు రోజులకే గ్రహాన్ని చుట్టివస్తుంది. నేలతో ఇచ్చిపుచ్చుకోవడం తప్పదు.

చెట్టు ముందా, విత్తు ముందా?

ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే. అంత గాలి అక్కడెందుకుంది? ఇది రసాయనశాస్త్రం చెప్పవలసిన జవాబు.

శుక్రుని గాలిలో 96.5 శాతం బొగ్గుపులుసు వాయువు. భూమి మీద కూడా ఆ వాయువు దాదాపు అదే స్థాయిలో ఉంది. కాని గాలిలో లేదు, రాతిలో ఉంది. వాన నీరు ఆ వాయువును కరిగించుకొని, రాళ్ళను అరగదీసి, కాల్షియంతో కలిపి సముద్రానికి చేర్చింది. అక్కడ అది సున్నపురాయిగా పేరుకొంది. పలనాడులో సిమెంటు కోసం తవ్వే సున్నపురాయి ఒకప్పటి గాలే. నీరు లేకపోతే ఈ పని ఆగిపోతుంది, వాయువు గాలిలోనే మిగులుతుంది. 1978లో శుక్రుని గాలిలో దిగిన పయొనీర్ వీనస్ పరికరాలు, అక్కడి హైడ్రోజన్‌లో బరువైన డ్యూటీరియం పాలు భూమి మీద కంటె వంద రెట్లకు పైగా ఉన్నదని చూపాయి. తేలికైన హైడ్రోజన్ అంతరిక్షంలోకి ఎగిరిపోయిందనడానికి, అంటే కొంత నీరు పోయిందనడానికి అది గుర్తు.

కాబట్టి గాలిపోటు సిద్ధాంతమే నిజమైతే వరుస ఇలా ఉంటుంది. నీరు పోయింది, రాయి కావలసినది గాలిగా మిగిలింది, ఆ గాలి గ్రహాన్ని వెనుకకు తిప్పింది. అయితే కథను తిరగేసి కూడా చెప్పవచ్చు. మైకేల్ వే బృందం 2016లో కంప్యూటర్ లెక్కలతో, శుక్రుడు మొదటినుంచి నెమ్మదిగా తిరుగుతూ ఉండి ఉంటే పగటివైపు దట్టమైన మబ్బులు గొడుగుపట్టి, సముద్రాలను చాలాకాలం కాపాడి ఉండేవని చూపింది. 2021లో మార్టిన్ టర్బే బృందం, అసలు ఆవిరి వానగా కురిసే అవకాశమే అక్కడ కలగలేదని వాదించింది. గాలి భ్రమణాన్ని మార్చిందా, భ్రమణం గాలిని మార్చిందా అన్నది చెట్టు ముందా, విత్తు ముందా అన్న చందాన ఉంది.

దూరపు సూర్యుల వద్ద

ఈ వివాదం ఒక్క శుక్రునితో ముగియదు. 1874లో నరసింగరావు చూసిన సంక్రమణం వంటిదే, గ్రహం తన నక్షత్రం ముందుగా దాటడం, నేడు దూరపు గ్రహాలను పట్టుకొనే వల అయింది. ఆ వెలుగు తగ్గుదలను వెతికే "వాస్ప్" పరిశోధనలో పాల్గొన్న సంస్థలలో కోవెంట్రీ అంచున ఉన్న వారిక్ విశ్వవిద్యాలయం ఒకటి. 2009లో ఆ పరిశోధన ప్రకటించిన వాస్ప్-17బి అనే గ్రహం తన నక్షత్రం తిరిగే దిశకు ఎదురుగా దాని చుట్టూ పరిభ్రమిస్తున్నట్లు తేలింది. శుక్రునిది ఎదురు ఆత్మప్రదక్షిణ. దీనిది ఎదురు ప్రదక్షిణ. పుట్టినప్పటి దిశ శాశ్వతం కాదని రెండూ చెబుతాయి.

అంతకంటె ముఖ్యమైన మాట 2015లో జెరెమీ లెకోంత్ బృందం చెప్పింది. చిన్న నక్షత్రాలకు దగ్గరగా తిరిగే గ్రహాలు ఒకే ముఖం వెలుగుకు అప్పగించి, ఒకవైపు మాడి, ఒకవైపు గడ్డకట్టి ఉంటాయని అంతకుముందు భావించేవారు. వాటిలో కొన్నింటిపై భూమికున్నంత పలుచని గాలి ఉన్నా చాలు, అవి అలా నిలిచిపోకుండా అది తిప్పగలదని లెక్కలో తేలింది. ఒక గ్రహానికి రాత్రీ పగలూ ఉంటాయా లేదా అన్నది దాని మీద ఉన్న గాలి తేల్చవచ్చునన్నమాట.

శుక్రుని నేలను, గాలిని మరింత నిశితంగా పరిశీలించడానికి అమెరికా 2021లో వెరిటాస్, డావించి యాత్రలను ఎంపిక చేసింది. ఐరోపా సంస్థ ఎన్‌విజన్ యాత్రను, భారత ప్రభుత్వం ఇస్రో వారి శుక్రయాత్రను 2024లో ఆమోదించాయి. భ్రమణాన్ని మరింత సూక్ష్మంగా కొలిస్తే గ్రహగర్భం గట్టిదా, ద్రవమా అన్నది తెలుస్తుంది. గాలిలోని జడవాయువులను తూచితే నీటి కథ తెలుస్తుంది. ఆ రెండూ కలిస్తే శుక్రుడు ఏ దారిన ఈ స్థితికి వచ్చాడో చెప్పడం సాధ్యం కావచ్చు.

అంతవరకు, సాయంకాలం పడమటి ఆకాశంలో ఆ చుక్కను పిల్లలకు చూపించేటప్పుడు ఒక మాట చేర్చవచ్చు. దాని మీద పొద్దు పడమట పొడుస్తుంది. అందుకు కారణం బహుశా గ్రహాలను బద్దలుకొట్టే దెబ్బ కాదు. ఎక్కడ నిలవవలసిన వాయువు అక్కడ నిలవకపోవడం.